స్త్రీ, కోరిక, యవ్వనం: పునరుద్ధరించిన పాత సినిమాల్లో ఏది ముందు చూడాలి, ఏ ప్రింటు ఎంచుకోవాలి

స్త్రీల కోరికనీ యవ్వనాన్నీ పట్టుకున్న పాత ఆర్ట్ సినిమాలు గత పదిహేనేళ్లుగా కొత్త స్కాన్లతో ఒకదాని వెంట ఒకటి బయటికొస్తున్నాయి. ఒకప్పుడు ఫిల్మ్ సొసైటీ వాళ్లు తెప్పిస్తే తప్ప కనపడనివి ఇప్పుడు డిస్కుల్లోనూ స్ట్రీమింగ్‌లోనూ దొరుకుతున్నాయి. చిక్కంతా ఎంపిక దగ్గరే. "తప్పక చూడాల్సినవి" అనే జాబితాల్లో గంట సినిమా, మూడుగంటల పైచిలుకు సినిమా పక్కపక్కనే కూర్చుంటాయి. కొత్తగా చూసేవాళ్లు పైనుంచి మొదలుపెట్టి రెండోదాని దగ్గరే ఆగిపోతారు.

పోస్టర్ చూసి ఎంచుకోవడం ఇంకా ప్రమాదం. ఈ సినిమాల్లో చాలావాటిని పంపిణీదారులు ఎన్నో ఏళ్లు ఒళ్లు చూపే సినిమాలుగానే అమ్మారు. లోపలున్న సినిమాకీ ఆ పోస్టర్‌కీ తరచూ సంబంధమే ఉండదు. అందుకని ఎంచుకునే ముందు ఒకే ప్రశ్న వేసుకోండి: కెమెరా ఆ అమ్మాయిని చూస్తోందా, లేక ఆ అమ్మాయి ఏం చూస్తోందో మనకి చూపిస్తోందా? ఈ తేడా పట్టుకుంటే మిగతావన్నీ, నిడివి, వేగం, నలుపు తెలుపా రంగులా అన్నవి, తేలిగ్గా తేలిపోతాయి.

మొదటిసారి చూసేవాళ్లకి: క్లియోనా, మోనానా

రెండూ ఆన్యెస్ వార్దా సినిమాలే. "క్లియో ఫ్రమ్ ఫైవ్ టు సెవెన్" (1962), "వగబాండ్" (1985). మొదటిసారి చూస్తుంటే సందేహం లేకుండా "క్లియో"తో మొదలుపెట్టండి. 90 నిమిషాల సినిమా. కథ కూడా దాదాపు అంతే సేపు, పారిస్‌లో ఒక సాయంత్రం జరుగుతుంది. కొరీన్ మార్షాన్ పోషించిన గాయని, తనకి క్యాన్సర్ ఉందో లేదో చెప్పే పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తుంటుంది. మొదట్లో టారో కార్డులు పరిచే దృశ్యం రంగుల్లో వస్తుంది, తర్వాతదంతా నలుపు తెలుపు. అధ్యాయాల మీద పేరూ గడియారం సమయమూ పడుతుంటాయి కాబట్టి ఎక్కడా దారి తప్పరు.

ఈ సినిమాకి ఇరుసు దాదాపు సగంలో వచ్చే పాట. పియానో దగ్గర రిహార్సల్ జరుగుతుంటుంది. పియానో వాయించేది సంగీత దర్శకుడు మిషెల్ లెగ్రానే. క్లియో పాడుతుంటే కెమెరా దగ్గరికి జరుగుతుంది, ఆమె వెనకున్న గది మాయమై నలుపు మిగులుతుంది. పాట అయ్యాక ఆమె విగ్గు పీకేసి, నల్ల గౌను తొడుక్కుని, ఒంటరిగా వీధిలోకి వెళ్తుంది. అప్పటిదాకా అద్దాలూ మగవాళ్లూ షాపు కిటికీలూ ఆమెని చూశాయి. అక్కణ్ణుంచి ఆమె చూడటం మొదలుపెడుతుంది: కప్పలు మింగే వీధి గారడీవాణ్ణి, కాఫీ హోటల్లో ఎవరి గొడవలో వాళ్లున్న మనుషుల్ని. పైన చెప్పిన ప్రశ్నకి ఒకే సినిమాలో రెండు జవాబులూ దొరకడం వల్లే దీన్ని మొదట పెట్టమంటున్నాం.

"వగబాండ్" గట్టి సినిమా, కానీ మొదటి సినిమా కాదు. మోనా అనే అమ్మాయి చలికాలంలో కాలవలో గడ్డకట్టి చనిపోయి కనిపించడంతోనే మొదలవుతుంది. ఆ తర్వాత ఆమెని దారిలో కలిసినవాళ్లు ఒక్కొక్కరూ ఆమె గురించి చెబుతారు. ఎవరూ పూర్తిగా చెప్పలేరు. సాండ్రిన్ బొనేర్ అప్పటికి ఇరవై నిండని నటి. మోనా మీద జాలి పుట్టించే పని ఒక్కటి కూడా చెయ్యదు. కుడి నుంచి ఎడమకి నడిచే పొడవైన ట్రాకింగ్ షాట్లు గమనించండి: కెమెరా మోనాతో కొంతదూరం నడిచి, ఆమెని వదిలేసి, ఏ పనిముట్టు దగ్గరో గోడ దగ్గరో ఆగుతుంది. వెనిస్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి గోల్డెన్ లయన్ వచ్చిన సినిమా ఇది. ఇందులో అత్యాచారం ఉందని ముందే తెలుసుకుని కూర్చోవడం మంచిది.

వేసవి సినిమాలు రెండు

బెర్గ్‌మన్ "సమ్మర్ విత్ మోనికా" (1953), రోమేర్ "ది గ్రీన్ రే" (1986). రెండింటిలోనూ యవ్వనం, వేసవి, ఎక్కడికైనా వెళ్లిపోవాలన్న ఆరాటం ఉన్నాయి. పోలిక అంతవరకే.

"మోనికా"లో స్టాక్‌హోమ్‌లో పనిచేసే ఒక కుర్రవాడూ మోనికా అనే అమ్మాయీ పడవ తీసుకుని దీవులకి పారిపోతారు. వేసవి అయిపోతుంది, తిండి అయిపోతుంది, కడుపు పండుతుంది, ఊరికి తిరిగొస్తారు. చివర్లో కాఫీ హోటల్లో కూర్చున్న హారియెట్ ఆండర్సన్ తల తిప్పి నేరుగా కెమెరాలోకి చూస్తుంది. ఆమె చుట్టూ వెలుగు తగ్గుతుంది, ఆ చూపు మాత్రం కదలదు. భర్తనీ బిడ్డనీ వదిలెయ్యబోతున్న అమ్మాయిని తీర్పు తీర్చడానికి సిద్ధంగా ఉన్న ప్రేక్షకుణ్ణి ఆ చూపు నిలదీస్తుంది. 1953లో అలా కెమెరాలోకి చూడటం తర్వాతి తరం ఫ్రెంచి దర్శకులకి పెద్ద పాఠమైంది.

"గ్రీన్ రే"లో పెద్దగా ఏమీ జరగనట్టే ఉంటుంది. సెలవులకి తోడు వస్తానన్న స్నేహితురాలు రానంటుంది. డెల్ఫిన్ ఒంటరిగా షెర్బూర్ వెళ్తుంది, ఆల్ప్స్ వెళ్తుంది, బియారిట్జ్ వెళ్తుంది, ప్రతిచోటా ఏడుపొస్తుంది. మాటలు చాలావరకు నటులు అక్కడికక్కడ అల్లుకున్నవే. భోజనాల బల్ల దగ్గర తానెందుకు మాంసం తినదో డెల్ఫిన్ వివరించే దృశ్యం చూస్తే ఈ సినిమా మీకు సరిపడుతుందో లేదో తేలిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్లు మంచివాళ్లే, ఒక్కరికీ అర్థం కాదు. ఆ ఇబ్బంది మీకు ఆసక్తిగా అనిపిస్తే చివరిదాకా కూర్చోండి. విసుగనిపిస్తే మానేసి "మోనికా" పెట్టుకోండి. ఎవరో ఒకరితో సరిపెట్టుకోవడం కన్నా ఎదురుచూడటమే మేలనుకునే ఆడదాని కోరికని ఇంత ఓపిగ్గా చూపిన సినిమాలు తక్కువ.

చెప్పుకోని కోరిక: చారులతా, శ్రీమతి చాన్

ఈ జంట దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. సత్యజిత్ రాయ్ "చారులత" (1964), వాంగ్ కర్-వై "ఇన్ ద మూడ్ ఫర్ లవ్" (2000). రెండింటిలోనూ పెళ్లయిన స్త్రీ, ఇంకొక మగవాడు, దాటని గీత. దారులు మాత్రం పూర్తిగా వేరు.

"చారులత" టాగోర్ "నష్టనీడ్" ఆధారంగా తీసింది, కథాకాలం 1879 నాటి కలకత్తా. మొదటి పది నిమిషాలు దాదాపు మాటల్లేకుండా నడుస్తాయి. చారు రుమాలు మీద అక్షరం కుడుతుంది, పుస్తకం తీస్తుంది, పెట్టేస్తుంది. చేతి బైనాక్యులర్ తీసుకుని ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పరిగెత్తి వీధిలో పోయేవాళ్లని చూస్తుంది. అంతలో భర్త భూపతి పుస్తకంలో తల దూర్చి ఆమె పక్కనుంచే వెళ్లిపోతాడు. ఆమె అదే బైనాక్యులర్ ఎత్తి అతన్ని చూస్తుంది, వీధిలో పోయే పరాయివాణ్ణి చూసినట్టే. ఆ ఒక్క పని చాలు, ఆ సంసారమంతా తెలిసిపోతుంది. తర్వాత తోటలో ఉయ్యాల దృశ్యంలో సుబ్రత మిత్ర కెమెరా చారు ముఖంతోపాటే ఊగుతుంది. అక్కడా ఆమె చేతిలో బైనాక్యులరే. ముందు పక్కింటి తల్లీబిడ్డల్ని, తర్వాత రాసుకుంటున్న అమల్‌ని, అంటే భర్తకి తమ్ముడి వరసైన కుర్రవాణ్ణి, చూస్తుంది. ఆమెలో ఏదో కదిలిందని మనకి తెలిసేది అప్పుడే. ఇందులో కోరిక చూపుగా మొదలై రాతగా మారుతుంది: చారు కూడా రాస్తుంది, అచ్చవుతుంది, ఆ పత్రికతో అమల్‌ని కొడుతుంది.

"ఇన్ ద మూడ్ ఫర్ లవ్"లో 1962 హాంకాంగ్, ఇరుకు గదులు, పక్కపక్క వాటాలు. తమ జీవిత భాగస్వాములు ఒకరితో ఒకరు సంబంధం పెట్టుకున్నారని ఇద్దరు పొరుగువాళ్లకి తెలుస్తుంది. ఆ తప్పుచేసిన ఇద్దరి ముఖాలూ సినిమాలో కనిపించవు. ఆ పొరుగువాళ్లుగా నటించిన మ్యాగీ చుంగ్ (శ్రీమతి చాన్), టోనీ లియుంగ్ ఆ సంబంధం ఎలా మొదలై ఉంటుందో నటించి చూసుకుంటారు. నటనేదో నిజమేదో తెలియకుండా పోతుంది. కెమెరా ఎప్పుడూ గుమ్మాల వెనకనుంచి, అద్దాల్లోంచి చూస్తుంటుంది. అంటే ఇక్కడ చూపు ఆమెది కాదు, గోడల చాటునున్న పొరుగువాళ్లది.

పాత్ర లోపలికి వెళ్లాలంటే "చారులత". గాలి, రంగు, పాట, ఆగిపోయిన క్షణం కావాలంటే "ఇన్ ద మూడ్ ఫర్ లవ్". రెండూ చూసే ఉద్దేశముంటే ముందు "చారులత" పెట్టుకోండి. రాయ్ సినిమా మీకు నెమ్మదిగా చూడటం అలవాటు చేస్తుంది, వాంగ్ సినిమాకి ఆ అలవాటు కావాలి. రెండోదాని విషయంలో ప్రింటు ఎంపిక కూడా పెద్ద సంగతే, దాని గురించి కింద చెబుతాం.

కోపం, అల్లరి, అలసట

వేరా హితిలోవా "డెయిజీస్" (1966) గంటా పావు సినిమా. మారీ అనే పేరున్న ఇద్దరమ్మాయిలు లోకం చెడిపోయింది కాబట్టి మనమూ చెడిపోదాం అనుకుంటారు. ముసలి మగవాళ్లతో భోజనాలు పెట్టించుకుని రైలెక్కించి పంపేస్తారు, చివరికి విందు బల్లనెక్కి తొక్కేస్తారు. చెకొస్లొవేకియా పార్లమెంటులో ఒక సభ్యుడు తిండి వృథా చేశారని దీనిమీద లేచాడు. కథ కోసం వెతికితే నిరాశే. స్నేహితులతో కలిసి చూడటానికి ఈ జాబితాలో ఇంతకన్నా మంచిది లేదు. ఒక హెచ్చరిక: దృశ్యం మధ్యలో రంగు ఆకుపచ్చకీ ఎరుపుకీ మారిపోవడం, బొమ్మ ముక్కలుగా కత్తిరించినట్టు కావడం డిస్కు లోపం కాదు. ఛాయాగ్రాహకుడు యారొస్లవ్ కుచేరా కావాలని చేసిన పని.

బార్బరా లోడెన్ "వాండా" (1970), షాంటాల్ ఆకెర్మాన్ "జాన్ డీల్మన్" (1975) రెండూ అలసిన స్త్రీల సినిమాలే. కోరిక అడుగంటిన చోట ఏం మిగులుతుందో చూపిస్తాయి. "వాండా" ముందు చూడండి; అందులో దొంగతనం, ప్రయాణం ఉన్నాయి, పట్టు దొరుకుతుంది. "జాన్ డీల్మన్" 201 నిమిషాలు. కెమెరా కదలదు, డెల్ఫిన్ సేరిగ్ బంగాళాదుంపలు చెక్కు తీస్తుంది, పక్క సర్దుతుంది, దీపం ఆర్పుతుంది. మొదటి రోజు పనుల వరసని శ్రద్ధగా గుర్తుపెట్టుకోవాలి. రెండో రోజు దుంపలు మరీ ఎక్కువ ఉడికిపోవడం ఎంత పెద్ద ప్రమాదమో ఆ వరస తెలిసినవాళ్లకే అర్థమవుతుంది. ఒక్క బిగిన చూడటమే సరైన పద్ధతి. కుదరకపోతే ఒక రోజు ముగిసిందని తెరమీద అక్షరాలు పడే చోట ఆపండి, మధ్యలో ఎక్కడా వద్దు.

సమయం గంటే ఉంటే సెంబేన్ "బ్లాక్ గర్ల్" (1966). డకార్ నుంచి ఫ్రాన్సుకి పిల్లల్ని చూసుకునే పనికని వెళ్లిన జువానా, అక్కడ వంటింటి పనిమనిషిగా మిగులుతుంది. మంచి బట్టలు, హైహీల్స్ వేసుకుని పనిచేస్తుంటే యజమానురాలికి కంటగింపు. కోరిక అంటే ప్రేమే కానక్కర్లేదు, ఊరు చూడాలన్న ఆశ కూడా అని ఈ సినిమా చెప్పినంత సూటిగా మరేదీ చెప్పదు. గిరీశ్ కాసరవల్లి "ఘటశ్రాద్ధ" (1977) ఈ వరసలో అన్నిటికన్నా బరువైనది. వేదపాఠశాల నడిపే ఇంట్లో యువ వితంతువు యమున గర్భవతి అవుతుంది. కథంతా ఒక చిన్న విద్యార్థి కళ్లతో నడుస్తుంది. కోరిక మాటే ఎత్తని ఆ పసివాడి చూపే ఊరి క్రూరత్వాన్ని బయటపెడుతుంది. గర్భస్రావం, బతికుండగానే శ్రాద్ధం పెట్టడం ఉన్నాయి. తేలిక మనసుతో కూర్చునే సినిమా కాదు.

ప్రింటు ఎంపిక: 4కే అన్న మాట దగ్గర ఆగిపోకండి

డిస్కు డబ్బా మీద 4కే (బొమ్మకి అడ్డంగా దాదాపు నాలుగు వేల చుక్కలు; 2కే అంటే అందులో సగం) అని ఉంటే స్కాన్ ఎంత పెద్దదో తెలుస్తుంది, దేన్ని స్కాన్ చేశారో తెలియదు. అసలు చూడాల్సింది రెండోదే. కెమెరాలో తిరిగిన అసలు నెగటివ్ నుంచి తీస్తే వివరం ఎక్కువ. దాన్నుంచి తీసిన ఇంటర్‌పాజిటివ్ అయితే ఒక మెట్టు తక్కువ. థియేటర్లో ఆడిన ప్రింటు అయితే గీతలు, ఎగసిపోయిన తెలుపు, పూడుకుపోయిన నలుపు వస్తాయి. అసలు నెగటివ్ నుంచి తీసిన 2కే, ప్రింటు నుంచి తీసిన 4కే కన్నా మేలుగా ఉంటుంది. "గ్రీన్ రే", "వాండా" 16 ఎంఎం ఫిల్ము మీద తీసినవి. ఆ ఫిల్ములో ఉండే వివరానికి 2కే దాదాపు సరిపోతుంది, 4కే కోసం ఏళ్లు ఎదురుచూడనక్కర్లేదు. "వాండా"ని థియేటర్ల కోసం 35 ఎంఎంకి పెంచి ఆడించారు. తర్వాత అమెరికాలోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయపు ఫిల్మ్ ఆర్కైవ్ అసలు 16 ఎంఎం రీళ్లనుంచే పునరుద్ధరించింది, అందుకే కొత్తది పాత కాపీలకన్నా ఎంతో స్పష్టంగా ఉంటుంది.

ఒకే సినిమాలో కొన్ని దృశ్యాలు స్పష్టంగా, కొన్ని మసకగా ఉంటే కంగారు పడకండి. అసలు నెగటివ్ కొంతే దొరికితే మిగతాది వేరే మూలం నుంచి అతుకుతారు. రాయ్ అపు త్రయం ("పథేర్ పాంచాలి"తో మొదలయ్యే మూడు సినిమాలు) నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి; బొలోన్యా నగరంలోని ల్యాబులో మిగిలిన ముక్కల్ని చేతులతో బాగుచేసి, పోయిన చోట్ల ఇతర కాపీలు వాడి నిలబెట్టారు.

తప్పులు ఎక్కువగా జరిగేది గ్రెయిన్ దగ్గర, రంగు దగ్గర. గ్రెయిన్ అంటే ఫిల్ములోని వెండి రేణువుల కదలిక. దాన్ని మురికి అనుకుని కంప్యూటర్‌తో తుడిచేస్తే చర్మం మైనంలా నున్నగా అవుతుంది, జుట్టు అట్టకడుతుంది. ఈ సినిమాలు ముఖాల మీదే నడుస్తాయి కాబట్టి నష్టం ఇక్కడే ఎక్కువ. పరీక్ష తేలిక: దగ్గరి షాటులో బుగ్గా కనుబొమ్మా చూడండి. వెంట్రుకలు విడివిడిగా లేకపోయినా, తల కదిలినప్పుడు చర్మం జారినట్టు కనిపించినా ఆ కాపీ వదిలెయ్యండి. స్ట్రీమింగ్‌లో ఇదే సమస్య ఇంకో దారిన వస్తుంది. మామూలు బ్లూ-రేలో బొమ్మకి సెకనుకి 40 మెగాబిట్ల దాకా చోటుంటుంది. స్ట్రీమింగ్ అందులో కొంతభాగంతోనే సరిపెట్టుకుంటుంది, గ్రెయిన్ గడులు గడులుగా విరుగుతుంది. గ్రెయిన్ ఎక్కువున్న "వాండా" లాంటివి డిస్కు మీద చూడటమే మంచిది. "క్లియో" స్ట్రీమింగ్‌లోనూ బాగానే నిలుస్తుంది.

రంగు విషయంలో దర్శకుడి ఆమోదం ఉందంటే మొదట చూసిన సినిమాలాగే ఉంటుందని కాదు. వాంగ్ కర్-వై 2020లో తన సినిమాలు చాలావాటిని పునరుద్ధరించినప్పుడు రంగులు మార్చాడు. "ఇన్ ద మూడ్ ఫర్ లవ్"లో పాత కాపీల వెచ్చని ఎరుపు తగ్గి ఆకుపచ్చ ఛాయ ఎక్కువైంది. "ఫాలెన్ ఏంజెల్స్"కైతే ఫ్రేము ఆకారమే మార్చి వెడల్పు చేశాడు. ఆయనకి ఆ హక్కు ఉంది. కానీ కోరిక అంతా ఎరుపు తెరల్లో, దీపపు వెలుగులో చెప్పిన సినిమాకి రంగు మారితే మనసు మారినట్టే. మొదటిసారికి 2020కి ముందొచ్చిన బ్లూ-రే దొరికితే అదే తీసుకోండి, కొత్తది తర్వాత పోల్చి చూడొచ్చు.

నిడివి కచ్చితంగా సరిచూసుకోండి. "మోనికా" అసలు నిడివి 97 నిమిషాలు. 1950ల్లో అమెరికా పంపిణీదారు క్రోగర్ బాబ్ దాన్ని గంటకి కాస్త ఎక్కువకి కుదించి, సంగీతం మార్చి, చెడ్డ పిల్ల కథ అన్న పేరు తగిలించి అమ్మాడు. అలాంటి కోత కాపీలో ఆ అమ్మాయి అలసట పోయి ఒళ్లు మాత్రం మిగులుతుంది. మరోపక్క, తక్కువ నిడివి ఎప్పుడూ కోతే కాదు. పాత యూరప్ డీవీడీలు సెకనుకి 24 ఫ్రేములకి బదులు 25 ఆడిస్తాయి. 4 శాతం వేగం పెరిగి 90 నిమిషాల "క్లియో" 86కి దిగుతుంది, గొంతులు కాస్త సన్నబడతాయి. పాటే ప్రాణమైన సినిమాకి ఇది చిన్న నష్టం కాదు. ఇక పీటర్ వియర్ "పిక్నిక్ ఎట్ హ్యాంగింగ్ రాక్" (1975) విషయంలో దర్శకుడే తర్వాత కొన్ని నిమిషాలు తీసేశాడు, కాబట్టి అక్కడ పొట్టిదే దర్శకుడి కూర్పు.

ఫ్రేము ఆకారం కూడా చూడాలి. "చారులత", "మోనికా", "గ్రీన్ రే" దాదాపు చదరపు ఫ్రేములు. ఇప్పటి టీవీలో రెండుపక్కలా నల్ల పట్టీలు ఉండి తీరాలి. తెరంతా నిండితే పైనా కిందా కలిపి బొమ్మలో దాదాపు 23 శాతం పోయినట్టే. "క్లియో", "జాన్ డీల్మన్", "ఇన్ ద మూడ్ ఫర్ లవ్"కి పక్కన సన్నటి పట్టీలే ఉంటాయి. ఎంత మంచి కాపీ అయినా టీవీ పాడుచెయ్యగలదు: మోషన్ స్మూతింగ్ పూర్తిగా ఆపండి, నాయిస్ రిడక్షన్ ఆపండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టండి. డిస్కు కొనేముందు రీజియన్ కోడ్ చూసుకోండి. బ్లూ-రేలకి ఏ, బీ, సీ అని మూడుంటాయి, 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకి ఆ బెడద లేదు.

చివరగా సబ్‌టైటిల్స్. పాత కాపీల్లో అవి బొమ్మమీదే అచ్చయి ఉంటాయి; తెల్ల గోడ, తెల్ల చీర వచ్చినప్పుడల్లా అక్షరాలు కనిపించవు. కొన్నిటిలో మాటలకి ఉంటాయి, పాటలకి ఉండవు. "చారులత"లో చారు ఉయ్యాల మీద పాడే పాట, "క్లియో"లో పియానో దగ్గరి పాట, రెండూ సంభాషణల కన్నా ఎక్కువ చెబుతాయి. అందుకని అద్దెకి తీసుకున్నా కొన్నా ముందు ఆ పాట ఉన్నచోటికి వెళ్లి కింద అక్షరాలు పడుతున్నాయో లేదో చూడండి. పడకపోతే ఆ కాపీ పక్కనపెట్టి ఇంకోటి వెతకండి.